బాడుగ ట్రాక్టరు, కూలీ ప్రాణము
భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షులవారికి బహిరంగ లేఖ



తమ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదునందే యుండుటవలన ఈ లేఖలోని విషయము తమకు దూరపు సంగతి గాదు. నగరము దాటి వరంగల్లు దారినిగాని నాగార్జునసాగరపు దారినిగాని వ్యవసాయపు పనుల దినములలో బయలుదేరిన వారికి, ఉదయసంధ్యలయందు ట్రాక్టరు వెనుక ఊగుచు పోవు ట్రక్కులును, వానిలో నిలుచుండియు కూర్చుండియు ఒకరి భుజము నొకరు పట్టుకొని పోవు కూలీ స్త్రీలును కనబడక మానరు. ఆ ట్రక్కు ఏదేని మలుపులో బోల్తాపడినపుడు, అందలి గాయములకును మరణములకును ధనరూపమున బాధ్యత వహింపవలసినవారెవరను ప్రశ్నకు మన చట్టమున సమాధానము కలదు. ఐనను ఆ సమాధానమువలన ఒక కుటుంబపు పొయ్యి వెలిగిన సందర్భములు అరుదు. బీమా పత్రములలోని మాటలపైనను, ప్రీమియముల నిర్ణయముపైనను తమ సంస్థ మాటకు బలము కలదు గనుక, మంత్రులకును కలెక్టర్లకును గాక తమకే ఈ విన్నపము వ్రాయుచున్నాను.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ కూలీలు పనికి పోవుచుండగా ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. వారిలో దాదాపు అందరును స్త్రీలే. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలము రాపర్ల యొద్ద, మిరపచేలలో పని ముగించుకొని ఇండ్లకు మరలుచున్న కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభమును ఢీకొనగా, తీగ తెగి పైబడి, తొమ్మండుగురికి తక్కువ గాకుండ ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి ఘోరములు జరిగినపుడు పత్రికలు రెండు దినములు వ్రాయును, నాయకులు పరామర్శింతురు, ప్రభుత్వము ఎక్స్‌గ్రేషియా ప్రకటించును. ఆ సొమ్ము దయాధర్మము. దానిని అడిగి పుచ్చుకొనుటకు ఎవరికిని హక్కు లేదు. పదిమంది ఒక్కసారి చనిపోయిననే ఆ దయయైనను కదలును గాని, ఒక్కతె జారిపడి నడుము విరిగి మంచము పట్టినచో మండలాఫీసు గుమస్తా సైతము వచ్చి చూడడు. సంఖ్యలో ఎక్కువ యగునవి పత్రికల కెక్కని ఈ ఒంటరి ప్రమాదములే యని, పల్లెలలో తిరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మాఘమాసమునుండి చైత్రము వరకు పల్నాటిలోను, ప్రకాశము, ఖమ్మము జిల్లాలలోను మిరపకోతలు ముమ్మరముగా సాగు దినములలో, తెల్లవారుజామున ఊరి నడిబొడ్డున ట్రాక్టరు వచ్చి నిలుచుటయే తడవు, కూలీల ముఠా కదలును. చీరపైన మగవారి పొడుగుచేతుల చొక్కా తొడిగి, తలకు తువ్వాలు చుట్టి, చేత సద్ది క్యారియరు, నీళ్ళ సీసా పట్టుకొని వచ్చిన స్త్రీలు, టైరుమీద పాదము మోపి, పైనున్నవారి చేయి ఆసరాగా ట్రక్కు ఎక్కుదురు. అడుగున ఖాళీ గోతాములు పరచుకొని ముసలివారు కూర్చుందురు; పడుచువారు అంచురేకును పట్టుకొని నిలుచుందురు; చోటు చాలనిచో ఇద్దరు ముగ్గురు డ్రైవరునకు ఇరుప్రక్కల మడ్‌గార్డులపై సర్దుకొందురు. మేస్త్రి తలలు లెక్కించి, ఎవరెవరు వచ్చిరో చిన్న నోటుపుస్తకమున గుర్తు పెట్టుకొనును. సాయంకాలము కూలి పంచుటకే ఆ గుర్తు. కాని ఆ దినమున ఆ బండిలో ఎవరెవరు ప్రయాణము చేసిరో తెలుపు కాగితము అదియొక్కటే యగుటచేత, ప్రమాదము జరిగిన పిదప ఎరిగిన న్యాయవాది మొదట వెదకునది దానినే. బండి బాడుగ కొన్ని ఊళ్ళలో చేని యజమాని యిచ్చును, కొన్నింట మనిషికింతయని కూలిలో విరుచుకొందురు.

ఈ బండి యజమాని దుర్మార్గుడు గాడు, మోటారు వ్యాపారియును గాడు. ఐదారెకరముల రైతు. బ్యాంకు వద్దనో ఫైనాన్సు కంపెనీ వద్దనో అప్పు తీసి ట్రాక్టరు కొనెను. తన చేను దున్నుటకును, మడి దమ్ము చేయుటకును, పంట ఇంటికి తోలుటకును ఆ యింజనుకు ఏడాదిలో పట్టు దినములు కొలదియే. వాయిదా మాత్రము ఏడాది పొడుగునను తరుముచునే యుండును. కావున ఇరుగుపొరుగు చేలకు బాడుగకు తోలును. ఎరువు, ఇసుక, ఇటుక, కంకర మోయించును. కోతల దినములలో కూలీలను చేరవేయును. పెండ్లివారిని, తిరునాళ్ళకు పోవువారిని గూడ ఎక్కించుకొనును. ప్రభుత్వములును ట్రాక్టరును బాడుగకు త్రిప్పుమనియే ప్రోత్సహించుచున్నవి. వ్యవసాయ యాంత్రీకరణ పథకము క్రింద యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములకు కేంద్రప్రభుత్వము 2014-15 నుండి రాయితీ నిచ్చుచున్నది. ఆంధ్రప్రదేశమున 2022లో రైతుబృందములకు ట్రాక్టర్లు పంపిణీ చేసినదియు తోటి రైతులకు అద్దెసేవ లందించుటకే. అప్పిచ్చువాడు బాడుగ రాబడిని లెక్కలో వేసికొనియే అప్పిచ్చును. రాయితీ నిచ్చువాడు బాడుగ కొరకే రాయితీ నిచ్చును. బీమా పత్రము వ్రాయువాడొక్కడే బాడుగ యను సంగతి లోకమున లేనట్లు నటించుచున్నాడు.

ఆ పత్రమును తాము చూచియుందురు, రైతు చూచియుండడు. డీలరు బండి అప్పగించిన దినమున ఆర్.సి. నకలుతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి యిచ్చిన ఆ కాగితము, సీటుక్రింది పనిముట్ల పెట్టెలో గ్రీజు మరకలు పూసుకొని పడియుండును. అది ఆంగ్లమున నుండును. వాహనమును ఏ పనికి వాడవచ్చునో చెప్పు పంక్తిలో వ్యవసాయ కార్యములకని యుండును. ఆసనముల సంఖ్య చెప్పు గడిలో ఒకటి యని యుండును. ట్రక్కునకు వేరుగా ప్రీమియము చూపవలసిన గడి తరచు శూన్యముగా నుండును. రైతు దృష్టిలో ప్రీమియము కట్టినాడు గనుక బండికి ఇన్సూరెన్సు కలదు. రోడ్డుపై బ్రేకు ఇన్‌స్పెక్టరు అడిగిన చూపుటకు కాగితము కలదు. ఆ మూడు గడులును బీమా సంస్థ నిష్క్రమించుటకు ఏర్పరచుకొన్న మూడు తలుపులని అతనికి తెలియవచ్చునది, మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో సంస్థ న్యాయవాది కౌంటరు దాఖలు చేసిన దినముననే.

ఏ ప్రమాదమునకు ఏ తలుపో చూడుడు. ఇటుకబట్టీకి మట్టి తోలుచుండగా కూలీ పడిపోయినచో, అది వ్యవసాయము గాదందురు. 2007లో సర్వోన్నత న్యాయస్థానము విచారించినది ఇట్టి వ్యవహారమే. ట్రాక్టరునకు వ్యవసాయపు పనుల నిమిత్తము మాత్రమే బీమా కలదు, వెనుకనున్న ట్రాలీకి బీమాయే లేదు, తోలినది బట్టీకి కావలసిన మన్ను. కావున సంస్థకు బాధ్యత లేదని న్యాయస్థానము తేల్చెను. తేల్చియు, గాయపడినవాడు నిరుపేద కూలీ యగుట గమనించి, రాజ్యాంగపు 142వ అధికరణము క్రింద తనకు గల విశేషాధికారమును వినియోగించి, మొదట సంస్థయే సొమ్ము చెల్లించి పిదప యజమానివద్ద రాబట్టుకొనవలెనని ఆజ్ఞాపించెను. అంతకు మూడేండ్ల ముందు, 2004లో, ఒక కూరగాయల వర్తకుని మరణము విషయమున, కూరగాయలు పొలమున పండినవే యైనను వానిని అమ్మకమునకు చేరవేయుట వ్యవసాయ కార్యము గాదని అదే న్యాయస్థానము తీర్పు చెప్పియున్నది. చేని గట్టు దాటినంతనే వంకాయ వ్యవసాయమునుండి వర్తకమునకు మారిపోవునన్న మాట! ఒప్పందపు మాటలను పట్టి చూచిన ఆ తీర్పును తప్పుపట్టుటకు వీలులేదు; తప్పు ఒప్పందములోనిది.

ఇక మిరపకోతకు పోవు కూలీ సంగతి. అది వ్యవసాయము గాదని ఎవరును అనజాలరు. అప్పుడు రెండవ తలుపు తెరచుకొనును. మోటారు వాహనముల చట్టము ట్రాక్టరును స్వయముగా బరువు మోయుటకు నిర్మింపబడని వాహనముగా నిర్వచించినది. దానికి గల ఆసనము డ్రైవరుది. ట్రక్కు సరకులకు ఉద్దేశింపబడినది. సరకుల వాహనమున ఊరక ఎక్కి పోవువారికి నిర్బంధ బీమా వర్తింపదని సర్వోన్నత న్యాయస్థానము 2003లో స్పష్టము చేసియున్నది. సరకుతో పాటు పోవు సరకు యజమానికిని, వాహన యజమాని క్రింద పనిచేయువారికిని చట్టమున కొంత చోటు కలదు. మన కూలీ సరకు యజమానురాలు గాదు, ట్రాక్టరు యజమానికి పనిమనిషియు గాదు. ఒకని చేనికి, మరియొకని పిలుపున, వేరొకని బండిలో పోవుచున్నది. అదే ట్రాక్టరు అదే దినమున రోడ్డుప్రక్కన నడచుచున్న బాటసారిని గుద్దినచో, అతడు మూడవ పక్షము. యజమాని షరతు మీరినను సంస్థ ముందు చెల్లించి వెనుక రాబట్టుకొనవలెనని న్యాయస్థానములు అట్టివాని విషయమున ఆజ్ఞాపించుట పరిపాటి. ట్రక్కులోని స్త్రీ మూడవ పక్షము గాదు, మొదటి పక్షమును గాదు. ఆమె ఏ పక్షమును గాదు.

దీనికంటె విచిత్రము మరియొకటి కలదు. గుద్ది పారిపోయిన బండి యేదో తెలియనిచో, 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న పథకము చొప్పున మృతుని కుటుంబమునకు 2 లక్షల రూపాయలును, తీవ్రముగా గాయపడినవారికి 50 వేలును లభించును. ఇచ్చటనో బండి తెలిసినది, నంబరు తెలిసినది, యజమాని యిల్లును తెలిసినది. అన్నియు తెలిసినందువలననే ఆ 2 లక్షలును దక్కవు.

అట్లయిన ఈ గాయములకు బాధ్యుడెవరు? అజాగ్రత్తగా తోలిన డ్రైవరు, అతనిని పనిలో పెట్టిన యజమాని. చట్టము నిస్సంశయముగా వారినే వ్రేలు పెట్టి చూపును. ఎంతటి బాధ్యతయో ఒక్కమారు లెక్కవేసి చూతము. దినమునకు 300 రూపాయల కూలితో నెలకు 25 దినములు పనిచేయు 34 ఏండ్ల స్త్రీ, నలుగురిని పోషించుచున్నది, చనిపోయినది అనుకొందము. ఏడాది సంపాదన 90 వేలు. 2017లో సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించిన రీతిగా భవిష్యత్తున పెరుగగల ఆదాయము నిమిత్తము నూటికి 40 కలిపిన 1,26,000. ఆమె సొంత ఖర్చు క్రింద నాల్గవవంతు తీసివేయగా 94,500. ఆ వయస్సునకు అదే న్యాయస్థానపు 2009 నాటి తీర్పు విధించిన గుణకము 16. మొత్తము 15,12,000 రూపాయలు; అంత్యక్రియలు మొదలగు పద్దులు దీనికి అదనము. ఒక్క ప్రాణమునకు రెండు కొత్త ట్రాక్టర్ల వెలకు చేరువగా వచ్చినది. వేములకొండలో వలె 15 మంది పోయినచో, ఈ లెక్క చొప్పున, రెండు కోట్ల 26 లక్షలు దాటును. వాయిదా కట్టలేక బాడుగకు పోయిన రైతు నెత్తిన ఈ మొత్తమును పెట్టి, బాధ్యత నిర్ణయమైనదని చట్టము సంతృప్తి చెందుచున్నది. ఎవరి తప్పును రుజువు చేయనక్కరలేకుండ మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు ఇప్పించు 164వ సెక్షను ఒకటి మోటారు వాహనముల చట్టమున వచ్చినది గాని, అందును చెల్లింపవలసినది యజమానియో అతని బీమా సంస్థయో గనుక, మనము మరల ఆ తలుపుల యొద్దకే చేరుదుము.

తీర్పు వచ్చిన పిదప జరుగు కథ ఇంకను దుఃఖకరము. అదే చట్టపు 174వ సెక్షను ప్రకారము ట్రిబ్యునలు కలెక్టరునకు సర్టిఫికెట్టు పంపవచ్చును, కలెక్టరు ఆ సొమ్మును భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవచ్చును. అందుకు 1864 నాటి రెవిన్యూ రికవరీ చట్టము నేటికిని సిద్ధముగా నున్నది. కాని చనిపోయినది ఆ వీధిలోని కోడలు. జప్తు కావలసినది అదే ఊరి రైతు చెక్క. వేలమున పాడుటకు ఊరివాడెవడును ముందుకు రాడు. కొందరు యజమానులు నోటీసు రాకముందే భూమిని భార్యపేరనో కొడుకుపేరనో మార్పించుకొందురు. తక్కినచోట్ల పెద్దమనుషులు కూర్చుండి, కేసు నడచిన ఇరువర్గములును చెడుదురని నచ్చజెప్పి, ఏదో ఒక మొత్తము తెల్లకాగితముపై వ్రాయించి చేతిలో పెట్టుదురు. ఆ మొత్తము ఆసుపత్రి బాకీకి చాలినచో అదృష్టము.

నాకు వీటన్నిటికంటె బాధాకరముగా తోచునది వేరొకటి కలదు. చట్టపు తలుపులను కొంత ఎరిగినవారు, ప్రమాదమైన రాత్రియే, పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాయించునపుడు, ఆమె ట్రక్కులో లేదనియు రోడ్డు వెంట నడచుచుండెననియు, లేదా తన మిరప బస్తాలతో పోవుచుండెననియు వ్రాయింపజూతురు. నిజము పలికిన తల్లి బిడ్డలకు ఏమియు రాదు; అబద్ధమాడిన పొరుగామె బిడ్డలకు వచ్చినను రావచ్చును. పిమ్మట బీమా సంస్థల పరిశోధకులు వచ్చి ఆసుపత్రి చీటీలోని మాటకును ఎఫ్.ఐ.ఆర్.లోని మాటకును గల భేదమును పట్టుకొని, ఇది మోసపు క్లెయిమని వాదింతురు. మోసము నిజమే. కాని ఆ మోసమునకు పురికొల్పినది ఆ కుటుంబపు దుర్బుద్ధి గాదు, సత్యమునకు ధర కట్టని ఈ బీమా పత్రము.

చేని యజమానిని బాధ్యుని చేయరాదా యని కొందరందురు. చేయవచ్చును, పట్టుకొనగలిగినచో. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టము 2025 వరకు అమలులో నుండెను. ట్రాక్టరుతో వ్యవసాయము చేయు పనివారిని అది తన జాబితాలో చేర్చుకొన్నది గాని, ట్రాక్టరులో వచ్చి చేతితో మిరప కోయునామె ఆ జాబితాలోనిదేనా యని వాదన పెట్టుటకు కావలసినంత సందు ఉండెను. దాని స్థానమున 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఇంటినుండి పనికి పోవు దారిలోని ప్రమాదమును గూడ పనిలోని ప్రమాదముగా గణించుచున్నది, మంచిదే. ఐనను నేడు ఒకని చేనిలో, రేపు మరియొకని చేనిలో పనిచేయు మనిషికి యజమాని ఎవరని అడిగిన మేస్త్రి రైతును చూపును, రైతు మేస్త్రిని చూపును.

కూలీ తానే బీమా చేసికొనరాదా యను మాటకు గూడ సమాధానము చెప్పవలెను. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కలదు. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాద మరణమునకు 2 లక్షలు. నేను దానిని చులకన చేయను. మే నెలాఖరున బ్యాంకు ఖాతాలో ఆ 20 రూపాయలు నిలువయున్నవారికి అది వరప్రసాదము. కాని విరిగిన తుంటికి ఆపరేషను ఖర్చు అది యియ్యదు. తెలంగాణమున రైతుబీమా 2018 నుండి 5 లక్షలు ఇచ్చుచున్నది. అది పట్టా గల రైతునకు. ఆ రైతు చేనిలో వంగి పనిచేయు భూమిలేని స్త్రీకి అందు భాగము లేదు. 2025 మే నుండి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు దినముల పాటు లక్షన్నర వరకు నగదు చెల్లింపకయే చికిత్స పొందు ఏర్పాటు వచ్చినది. ఇది నిజముగా మేలైన పని, దీనిని పల్లెలలో ఇంకను ఎక్కువగా చాటవలెను. ఎనిమిదవ దినమునుండి ఏమి గతి యన్నదే ఈ లేఖ.

తమ కార్యాలయమున ఒక ఆక్షేపణము తప్పక పుట్టును: ట్రక్కులో మనుషులను ఎక్కించుటయే చట్టవిరుద్ధము, చట్టవిరుద్ధమైన పనికి బీమా ఎట్లు ఇత్తుమని. ఈ ఆక్షేపణము గౌరవింపదగినదే గాని నిలువదగినది గాదు. మన దేశమున 1946 జూలై 1 నుండి మూడవ పక్షపు బీమాను నిర్బంధము చేసినది యజమాని సత్ప్రవర్తనకు బహుమానముగా గాదు, గాయపడినవానికి రక్షణగా. లైసెన్సు లేనివాడు తోలిన కారు క్రింద పడినవానికి సంస్థ ముందు చెల్లించి, పిదప యజమానివద్ద రాబట్టుకొనుచున్నది గదా. అందువలన లైసెన్సు లేనివారిని తాము ప్రోత్సహించుచున్నారని ఎవరైన అనిరా? నిషేధము మాట చెప్పుదురేమో, అది కాగితముమీద ఎప్పటినుండియో ఉన్నదే. పెద్ద ప్రమాదము జరిగిన వారము దినములు పోలీసులు ట్రక్కులను ఆపుదురు. కూలీలు ఆ వారము పదునలుగురు చొప్పున ఆటోలలో ఇరుకుకొందురు. ఎనిమిదవ దినమున ట్రక్కు మరల వచ్చును, ఏలయనగా చేని గట్టుకు బస్సు రాదు, మిరప ఎండి రాలువరకు ఆగదు.

ఇట్టి స్థితి ట్రాక్టరునకే పరిమితము గాదు. సొంత నంబరు ప్లేటు కారును ఆదివారము కిరాయికి త్రిప్పు చిరుద్యోగి, విద్యుత్ సంస్థలో దినకూలీగా ఉండి సాయంకాలము ఇండ్లలో వైరింగు చేసిపెట్టు కుర్రవాడు, బావి పూడిక తీయుటకు పక్క ఊరికి పోవు వడ్డెర, వీరందరును పై సంపాదన కొరకు చేయు పనిలో తామైనను, ఇతరులైనను గాయపడినపుడు, ఏ బీమాకును చెందనివారగుచున్నారు. వారిని గూర్చి వేరుగా వ్రాయవలసి యున్నది. ట్రాక్టరును ముందు పెట్టుకొనుటకు కారణము, దానికి ఇదివరకే ఒక బీమా పత్రము, ఒక ప్రీమియము, ఒక సంస్థ ఉండుటయే. కొత్తగా భవనము కట్టనక్కరలేదు, ఉన్నదానిని కొంచెము విశాలము చేసిన చాలును.

కావున నేను కోరునది ఇది. వ్యవసాయ ట్రాక్టరు పత్రమున, కూలీలను చేరవేయు దినములకు వర్తించునట్లు, అదనపు ప్రీమియముపై ఒక అనుబంధమును ప్రతి సంస్థయు తప్పక అమ్మవలెను; అది ఏడాదికైనను కావచ్చును, నాట్లకో కోతలకో సరిపడు మూడు నాలుగు మాసములకైనను కావచ్చును. వాహనమునకు సరకు ఎత్తి దించు కూలీలపట్ల యజమాని బాధ్యతను అదనపు సొమ్ముతో స్వీకరించు అనుబంధములు పాత మోటారు టారిఫులోనే ఉన్నవి గనుక ఇది అపూర్వమైన కోరిక గాదు. ఆ అనుబంధము కోరినవానిపై షరతులు పెట్టుడు: ట్రక్కుకు ఇరుప్రక్కల నిలువెత్తు కమ్ములు, వెనుక తలుపునకు గట్టి గొళ్ళెము, రాత్రి మెరయు స్టిక్కర్లు, డ్రైవరునకు లైసెన్సు, మడ్‌గార్డులపై ఎవరిని ఎక్కింపనను హామీ. వారము దినములు ఆపి విడుచు పోలీసుకంటె, తన సొమ్ము పోవునేమో యని వచ్చి చూచు సర్వేయరు మాటకే రైతు ఎక్కువ విలువ నిచ్చును. అట్టి అనుబంధము కొననివాని బండిలో ప్రమాదము జరిగినను, గాయపడిన కూలీకి సంస్థ ముందు చెల్లించి యజమానివద్ద రాబట్టుకొనవలెనను నియమము పత్రములోనే ఉండవలెను. సర్వోన్నత న్యాయస్థానపు విశేషాధికారము వరకు పోగలిగిన కూలీకి మాత్రమే న్యాయము లభించుట న్యాయము గాదు. మూడవ పక్షపు ప్రీమియములను కేంద్రప్రభుత్వము నిర్ణయించునపుడు తమ సంస్థను సంప్రదింపవలెనని చట్టము విధించియున్నది. ఆ సంప్రదింపులలో ఈ ప్రస్తావన తెచ్చుట తమకు అసాధ్యము గాదు. రాబట్టుకొను భారము సంస్థలపై పడునని అవి మొరపెట్టవచ్చును. భర్తను పోగొట్టుకొన్న, లేదా తానే కాలు పోగొట్టుకొన్న కూలీకంటె రైతువద్ద సొమ్ము రాబట్టుకొనుటకు బీమా సంస్థకే శక్తియు, తీరికయు, న్యాయవాదులును ఎక్కువ.

పత్రపు మొదటి పుటయైనను తెలుగున నుండవలెనన్నది రెండవ కోరిక. బాడుగకు తోలిన ఏమగునో, ట్రక్కులో మనుషులను ఎక్కించిన ఎంత భూమి పోవచ్చునో, ట్రక్కునకు వేరుగా ప్రీమియము కట్టితివా లేదా యని, రైతునకు చదువనైన అక్షరములలో నాలుగు వాక్యములు వ్రాయించుటకు పార్లమెంటు అనుమతి అక్కరలేదు.

2047 నాటికి దేశమున అందరికిని బీమా యని తమ సంస్థ లక్ష్యముగా ప్రకటించినది. తమ చట్టము పాలసీదారుల హితమును కాపాడుమని తమ్ము నియోగించినది. ట్రక్కులోని స్త్రీ పాలసీదారు గాదు, ఆ కాగితమును ఆమె ఎన్నడును చూడలేదు. ఐనను ఆ అందరిలో ఆమెయు ఒకతె గదా. 2047 వరకు ఆమెను నిలువబెట్టక, రానున్న మిరపకోతలలో మేస్త్రి తలలు లెక్కించు నాటికే ఈ అనుబంధమును గూర్చి సంస్థలకు ఉత్తరువు పంపుడని తమ్ము ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక తెలుగు పౌరుడు